మైల పట్టని పగ

సరిహద్దులో తుపాకులు మోగినన్ని రోజులూ సూరత్‌లోని మా లింబాయత్ గల్లీలో సాంచాల, అదే మరమగ్గాల చప్పుడు కంటే ఫోన్ల చప్పుడే ఎక్కువగా ఉండేది. మా కొడుక్కి అన్నం కంచం ముందు కూడా ఆ వీడియోలే. తాతల కాలం నుంచి నడుస్తున్నది, ఈసారి ఆపొద్దు, ఎన్నేళ్ళయినా సరే అంటాడు. చీరల మీద పూలు గీసే కంప్యూటర్ పని వాడిది. నాకు ఒళ్ళు మండేది. అరగంట కరెంటు పోతే గల్లీ అంతా తిరిగి గోల పెట్టేవాళ్ళు తరాల తరబడి యుద్ధం చేస్తారట! ఈ కాలపు మనుషులకు అంత ఓపిక ఎక్కడిదిరా, నాలుగు రోజులు చూసి క్రికెట్ పెట్టుకుంటారు అని కసిరాను. వాడు నవ్వి ఇంకో వీడియో పెట్టాడు.

ఓపిక సంగతి నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఒక యుద్ధం ఉంది కాబట్టి. మా బాపూ, వాళ్ళన్న మా పెద్దబాపూ పెట్టుకున్నది అది. ఇద్దరూ ఒక్క రైల్లో సూరత్ వచ్చి, ఒక్క ఖోలీ గదిలో వండుకు తిన్నవాళ్ళే. ఎవరు ముందు నోరు జారారన్నదానికి మా ఇంట్లో ఒక కథ, గోడాదరాలో వాళ్ళింట్లో ఇంకో కథ. ఇద్దరూ పోయారు. మాటల్లేకపోవడం మాత్రం నాకూ, పెద్దబాపు కొడుకు మా అన్నకూ మిగిలింది.

అయితే మా పగకు ఒక పద్ధతి ఉండేది. ఒకే ఇంటిపేరు, పాలోళ్ళం. ఒక ఇంట్లో చావైతే రెండో ఇంటికీ మైలే. ఎంత పగ ఉన్నా కబురు మనిషి వెళ్ళి నోటితో చెప్పాలి. బాపు పోయిన పొద్దున నేనే వాళ్ళ గడప బయట నిలబడి, చెప్పి, తిరిగొచ్చేశాను. అన్న వచ్చాడు. పాడెకు భుజం పట్టాడు, తలమీద నీళ్ళు పోసుకున్నాడు, మా ఇంట గుక్కెడు నీళ్ళు తాగకుండా వెళ్ళిపోయాడు. దినాలు అయ్యేదాకా వాళ్ళింట్లో దేవుడికి దీపం పెట్టలేదు, నీసు వండలేదు. ఆయన మీద నాకు కోపం పోలేదు గానీ గౌరవం పెరిగింది.

ఆ ఇంట్లో నా కోపం ఎన్నడూ తగలని మనిషి మా పెద్దమ్మ, అన్న వాళ్ళమ్మ. మా అమ్మ మంచాన పడ్డప్పుడు నన్ను చంకనేసుకుని సాకింది ఆమే. ఆమె పోయిననాడు పాడె కింద నా భుజం ఉండాలని ఎప్పటి నుంచో అనుకునేవాణ్ణి. మాటల్లేనివాడు ఆమెకు చేయగలిగింది అదొక్కటే.

ఒక పొద్దున షేర్ ఆటోలో మావాళ్ళలో ఒకాయన పక్కన కూర్చుని, పెద్దమ్మకు నువ్వు రాకపోతివేంది అన్నాడు. ఆమె పోయి అప్పటికి వారమైందట. ఆ వారంలోనే మేం కోడిని కోసుకు తిన్నాం. సాంచకు కొత్త నూలు ఎక్కించి కొబ్బరికాయ కొట్టాం. ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. ఎంత పగైతే మాత్రం చావు కబురు దాస్తారా? సగం దారిలో దిగి, ఇంకో ఆటో పట్టుకుని, సరాసరి పోయి వాళ్ళ గడప ముందు నిలబడ్డాను.

అన్న గుండుతో బయటికొచ్చాడు.

"పెద్దమ్మ పోతే జెప్పరా?" అన్నాను.

"మా కొడుకు మీ ఇంటికి అచ్చి జెప్పిండు. నువ్వు కార్ఖానల ఉన్నవట. గడప కాడ నీ కొడుకే ఉన్నడట."

అంతే. లోపలికి రమ్మనలేదు, నేనూ అడుగు వేయలేదు. ఆయన వెనక, గోడకు ఆనించిన పెద్దమ్మ ఫోటో సగమే కనబడింది.

ఇంటికొచ్చి కూర్చోలేక, నిలబడలేక, వాడు పని నుంచి వచ్చేదాకా గడప దగ్గరే తిరిగాను. అడిగితే వాడు కాదనలేదు.

"జెప్పిండు బాపూ. వాళ్ళతోని మనకు మాటల్లేవు గదా. నీకెందుకు గీ టెన్షన్ అని జెప్పలె."

కొట్టడానికి చెయ్యెత్తాను. కానీ వాడి ముఖంలో కోపమన్నదే లేదు. వాళ్ళ పేరెత్తితే మా బాపుకు నరాలు ఉబ్బేవి. నాకు ఇవాళ్టికీ గుండె దడదడలాడుతుంది. వీడికి ఏమీ లేదు. వాళ్ళ పిల్లల నంబర్లు ఎప్పుడో బ్లాక్ చేశాడట, అక్కడితో వాడి వంతు అయిపోయింది. ఈ కాలం వాళ్ళు నాలుగు రోజుల్లో అలసిపోతారని చెప్పింది నేనే. అలసిపోవడానికి వాడు మోస్తున్నదేముంది? ఇట్లాగైతే ఈ పగను వాడి మనవలు కూడా నడిపించగలరు. నాకు భయమేసింది.

గల్లీలో నల్లా కింద బట్టలతోనే కూర్చున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. వాణ్ణి పిలిచి, నీకు నాయనమ్మ వరసరా, నీకూ మైలే, రెండు చెంబులు నెత్తిన పోసుకోమని బతిమాలాను.

"ఆదివారం పోస్కుంట తియ్ బాపూ," అన్నాడు.