పేరు రాని జ్వరం

వాన రాబోయే ముందు కాజీపల్లి వైపు నుంచి వీచే గాలిలో మందుల కంపెనీల ఘాటు ఉంటుంది. ఈ సాయంత్రం అది అమీన్‌పూర్‌లోని మా బాల్కనీ దాకా వచ్చింది. ముక్కుకు తగలగానే డాక్టర్ సుగుణ గారు గుర్తొచ్చారు. పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఆమె దగ్గర ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను.

నా డైరీ ప్రకారం అది వానాకాలంలో ఒక సోమవారం. ఉన్నవాళ్లు: డాక్టర్ గారు, నేను, లేబర్ కాంట్రాక్టర్ యాదయ్య, మందుల కంపెనీలో పనిచేసే అతని ఒడిశా కూలీలు, వాళ్లకు వంట చేసే కర్దనూర్ ఎల్లమ్మ. ఒకే గదిలో కిరాయికి ఉండే ఆ ఒడిశా కుర్రవాళ్లకు జ్వరం, ఆయాసం. మా వైపు ఊపిరాడకపోతే అందరూ అనే మాట ఒకటే: కంపెనీ గ్యాస్ పట్టింది. యాదయ్యా అదే అన్నాడు. గాలి మారితే తగ్గుతుందని, వాళ్లను ఊరికి పంపడానికి మర్నాడు పొద్దుటి రైలుకు టికెట్లు కూడా తీసేశాడు.

డాక్టర్ గారు వాదించలేదు. గుమ్మం దగ్గర దగ్గుతూ నిలబడ్డ ఎల్లమ్మను పిలిచారు.

"కంపెనీ లోపటికి ఎప్పుడన్న పోయినవా, ఎల్లమ్మా?"

"నన్నెవరు రానిస్తరమ్మా? గేటు గూడ సూడలే. పోరగాండ్లకు జెరమొస్తే దగ్గర కూసొని గంజి తాపిన, గంతే."

గ్యాస్ మనిషి నుంచి మనిషికి పాకదు. ఆ సంగతి మా ఎదుటే నిలబడి దగ్గుతున్నా మాకెవరికీ కనబడలేదు. డాక్టర్ గారు వాళ్లందరికీ మాస్కులిచ్చి, వెనక వరండాలో విడిగా కూర్చోబెట్టించారు. నన్ను నమూనాలు తీయమని చెప్పి, జిల్లా ఆరోగ్య ఆఫీసుకు ఫోన్ చేశారు. చీటీ మీద రోగం పేరు ఏం రాయాలని అడిగాను.

"తెల్వదని రాయండి, నర్సింలు గారూ."

యాదయ్య ఊరుకోలేదు. "పేరే తెల్వని రోగానికి పెద్దసార్లను పిలుస్తరా మేడం? గ్యాసేనని తేలితే మిమ్మల్నే సూసి నవ్వుతరు."

"నవ్వనియ్యి యాదయ్యా. అంటుకునేదైతే? రేపటి రైలు ఎన్ని ఊర్లల్ల ఆగుతదో సూస్కో."

యాదయ్య జేబులోంచి టికెట్లు తీసి బల్ల మీద పెట్టేశాడు.

ఆ జ్వరానికి పేరు చాలా రోజులకు గానీ రాలేదు. ఎల్లమ్మతో సహా అందరూ కోలుకున్నారు. అది ఆ వరండా దాటి ఇంకెవరికీ సోకలేదు. తెలియదని ఒప్పుకోలేక ఏదో ఒక పేరు పెట్టేసే చదువుకున్నవాళ్లను ఎందరినో చూశాను. ఆమె ఆ మాటను పరీక్ష ఫలితం చెప్పినంత నిబ్బరంగా చెప్పారు. ఇన్నేళ్లయినా నాకు ఆ ఆశ్చర్యం తగ్గలేదు. తెలియని చోట నా నోరు తడబడితే ఆ గొంతే వినబడుతుంది.

మర్నాడు పొద్దున రైలు వాళ్లు లేకుండానే వెళ్లిపోయింది. జిల్లా నుంచి జీపు వచ్చింది. దిగిన పెద్దాయన కాస్త చిరాకుగానే, "ఏం రోగం డాక్టర్?" అన్నారు.

"తెలియదు సార్. అందుకే పిలిచిన."

 ఆయన మాస్కు కట్టుకుని, వరండా ఎటని అడిగారు.