పెరటి కొట్టంలో శేషమ్మగారి పడక

నేను కోంట తహసీలులో, శబరి ఒడ్డున ఉన్న ఒక చిన్న డిస్పెన్సరీకి సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా వెళ్ళేనాటికి బస్తర్ ఇంకా సంస్థానమే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఎల్.ఎం.పి. అనే చిన్న వైద్యపు చదువు చదివినవాళ్ళకు ఇచ్చే హోదా అది. పేరులో సర్జన్ అని ఉన్నా పెద్ద ఆపరేషన్లు చేసే అధికారం గాని, సామగ్రి గాని ఉండేవి కావు. నా కింద ఒక కాంపౌండరు. నా పై అధికారి జగదల్‌పూర్‌లో ఉండేవారు. వానలు పట్టాయంటే ఆయనకూ నాకూ మధ్య దారి తెగిపోయేది.

ఆ ఆషాఢంలోనే శేషమ్మగారు పడ్డారు. ఆ ఊళ్ళో ఉప్పు, బట్టలు అమ్మే వర్తకుల ఇంటికి ఆవిడ పెద్ద. డెబ్బై దాటాయి. భర్త పోయాక దుకాణాన్ని తానే నిలబెట్టారు. తెలుగు, హిందీ, హల్బీ, దోర్లీ నాలుగింటిలోనూ బేరమాడేవారు. పడవలో వచ్చిన సరుకు చూసుకోవడానికి వెళ్ళి రేవులో జారారు. నేను వెళ్ళేసరికి కుడి పాదం బయటికి తిరిగిపోయి, కాలు పొట్టిదై ఉంది. తుంటి దగ్గర తొడ ఎముక విరిగిందని చెప్పడానికి ఎక్స్‌రే అక్కరలేదు.

ఆ వయసులో ఆ ఎముక అతకడం అరుదు. అయితే ప్రాణం తీసేది ఎముక కాదు, పడక. కదలిక లేక నడుము కింద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. జగదల్‌పూర్ ఆసుపత్రికి డోలీలో మోయిస్తే దారిలోనే పోతారు. అందుకని ఇంట్లోనే వైద్యం చేద్దామని ఆవిడ కొడుకు నరసయ్యకు చెప్పాను.

ముందుభాగం దుకాణం, వెనక పొగ నిండిన వంటిల్లు. పెరట్లో బట్టల బేళ్ళు దాచే మట్టి కొట్టం ఉంది. దాన్ని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, తూర్పు గోడకు కిటికీ పెట్టించాను. వడ్రంగి చేత బల్లమంచం చేయించాను. మలమూత్రాల పాత్ర పెట్టేందుకు నడుమ ఒక పలక ఊడివచ్చేది. మంచం కాళ్ళవైపు ఇటుకలతో ఎత్తించి, కాలికి అంటుపట్టీలు వేసి, వాటికి కట్టిన తాడును బావి గిలక మీదుగా దించి, చివర ఇసుక సంచి వేలాడదీశాను. విరిగిన కాలును అలా లాగి ఉంచితే నొప్పి తగ్గుతుంది. పట్టుకుని నడుము కాస్త లేపుకోవడానికి దూలం నుంచి ఇంకో తాడు. నడుము కింద పెట్టే, గాలి నింపే రబ్బరు దిండు యుద్ధం వల్ల దొరకలేదు. దూదితో చుట్ట కుట్టించాం.

ఇదంతా ఒక ఎత్తు, మనిషిని లేపడం ఇంకో ఎత్తు. రెండేసి గంటలకోసారి ఒకరు నడుము ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు వీపు తుడిచి, స్పిరిట్ రాసి, పౌడరు అద్దాలి. నరసయ్య, అతని భార్య కమల ఆ పని శ్రద్ధగా చేశారు. అంతలో కమలకు మలేరియా పట్టుకుంది. రేవులో బస్తాలు మోసే లచ్చి అనే దోర్ల తెగ ఆడమనిషిని నరసయ్య కుదిర్చాడు.

శేషమ్మగారు ఒప్పుకోలేదు. "దీని చేత నన్ను ముట్టిపిస్తవారా? చస్త గని ముట్టనియ్య" అన్నారు కొడుకుతో. లచ్చికి తెలుగు వచ్చు. పోయి చూరు కింద కూర్చుంది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

నడుము కింద చర్మం ఎర్రబడి చిట్లింది. ఇలాగే వదిలేస్తే పుండే ప్రాణం తీస్తుందని ఉన్నదున్నట్టు ఆవిడకు చెప్పాను. ఆవిడ గుమ్మంలో నిలబడ్డ లచ్చి వైపు తిరిగి, "ఏందే, ఆడనే నిలబడ్డవ్? రా" అన్నారు.

"ముట్టుకుంటే తిడ్తవేమో అమ్మా."

"తిడ్త. అయినా రా."

ఆ తర్వాత కొన్నాళ్ళు పుండు అంచులు శుభ్రపడ్డాయి. ఇద్దరూ దోర్లీలో ఏదో చెప్పుకుని నవ్వడం నేను విన్నాను. ఎముక అతకకపోయినా కూర్చోబెట్టగలనేమో అనుకున్నాను.

అప్పుడే పై అధికారులెవరో పర్యటనకు వస్తున్నారని కొట్టుకుపోయిన రోడ్డు బాగుచేయించడం మొదలుపెట్టారు. కూలి ఇవ్వకుండా చేయించే ఆ పనిని బేగారి అనేవారు. లచ్చి నా దగ్గరికి వచ్చింది. "నా మొగుణ్ణి రోడ్డు పనికి పట్కపోయిన్రు బాబూ. నారు ముదురుతున్నది. నేను నాటకపోతే యాడాదంత ఏం తినాలె?"

నేను ఆ పని చూసే అధికారి దగ్గరికి వెళ్ళి, రోగి పరిస్థితి వివరించి, ఆ ఒక్క మనిషిని విడిచిపెట్టమని అడిగాను. ఆయన కుర్చీ వేయించి, అంతా విన్నాడు. ఒకణ్ణి వదిలితే రేపు ఊరంతా మీ డిస్పెన్సరీ ముందే నిలబడుతుంది డాక్టర్ సాబ్ అని హిందీలో అన్నాడు. ఆయన నాకంటే పై హోదావాడు. లేచి వచ్చేశాను.

లచ్చి పొలానికి వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళూ నాట్లలోనే ఉన్నారు. కమల ఇంకా మలేరియా నుంచి తేరుకోలేదు. నరసయ్య ఒక్కడే లేపబోతే ఆవిడ కేకలు పెట్టేవారు. నేనూ కాంపౌండరూ పొద్దునా సాయంత్రమూ వెళ్ళగలిగేవాళ్ళం, అంతే. పుండు ఎముకదాకా దిగింది. డిస్పెన్సరీలో ఉన్న, చీము ఆపే సల్ఫా బిళ్ళలు అయిపోయాయి. జ్వరం రోజూ పైకే పోయింది.

"గది మంచిగ జేయించినవ్ బాబూ," అన్నారు ఒకనాడు శేషమ్మగారు. "లేపెటోళ్ళే లేకపాయె. ఆ ఇసుక సంచి ఇప్పెయ్. ఇంక సాలు."

విప్పేశాను. శ్రావణం వెళ్ళకముందే పోయారు. నాట్లు ముగించుకుని లచ్చి వచ్చేసరికి మంచం పలకలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె వాటిని చూసి వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, మంచం పట్టిన ముసలివాళ్ళ ఇంటికి వెళితే గది చూడకముందు ఒకటే అడిగేవాణ్ణి: మనిషిని లేపే ఇద్దరెవరు, వాళ్ళు ఎన్నాళ్ళు ఉండగలరు? జవాబు లేనిచోట వడ్రంగిని పిలిపించలేదు. జరగబోయేది చెప్పి, నొప్పి తగ్గడానికి మాత్రం మందిచ్చి వచ్చేవాణ్ణి. కొందరు నన్ను కఠినుడన్నారు. ఆ పద్ధతి నేను మార్చుకోలేదు.