కొరికిన రొట్టెల వసారా

మస్తూరా పెద్దమ్మకు ఒకటే పిచ్చి: తన సందు వాళ్లెవరు ఊరు దాటుతున్నా రొట్టె కొరికించందే కదలనివ్వదు. కొరికి వెళ్లినవాళ్లు మిగతాది తినడానికి తిరిగొస్తారని తాష్కెంట్‌లో అందరికీ నమ్మకమే. పెద్దమ్మది నమ్మకం కాదు, పంతం.

విమానాశ్రయం గోడ పక్క సందు కావడంతో ఆమెకు చేతినిండా పని. గ్రీకులు వెళ్లారు, జర్మన్లు వెళ్లారు, యూదులు వెళ్లారు. వాళ్లు కొరికిన రొట్టెలన్నీ ఆమె వసారా గోడకు మేకులెక్కాయి. జర్మన్ ఎల్జా పంటినొప్పితో మొత్తుకున్నా వదల్లేదు.

"ఆ పక్క పళ్లతో కొరుకు తల్లీ! ఈ పక్కది అక్కడికెళ్లి చూపించుకో."

సందులో అద్దెకు దిగిన పైలట్, పాపం, రోజూ ఊరు దాటేవాడే. వారం తిరక్కుండా ఇల్లు మార్చేశాడు.

ఖాళీ ఇళ్లలోకి కొత్తవాళ్లు వచ్చారు. సముద్రం ఎండి ఉప్పుదుమ్ము మిగిలిన కరకల్పాక్ నేల నుంచి ఐసానెం, మొగుడూ పిల్లలతో వచ్చి గ్రీకు స్తేర్గియో ఉండిన ఇంట్లో దిగింది.

"పెద్దమ్మా, ఈ ఎండురొట్టెల కోసం ఎలుకలు తప్ప ఎవరొస్తారు?" అని ఏడిపించేది.

"ఎలుకలకైనా ఇంటిమీద ధ్యాస ఉంది. నువ్వు నోర్మూసుకుని టీ తాగు."

ఈ వసంతంలో ఇంటి యజమాని నుమాన్ అద్దె రెట్టింపు చేశాడు. ఇవ్వలేమంటే, "విమానం దిగొచ్చేవాళ్లు ఇంతకింత ఇస్తారు. మీరు బస్సు దిగొచ్చిన బాపతు. బయటివాళ్లకు ఇల్లివ్వడమే నా తప్పు," అన్నాడు. సామాను లారీ ఎక్కింది. ఎక్కడికెళ్లాలో తెలియదు. పిల్లల బడి సగంలో ఆగిపోతుంది. ఐసానెం వీధిలో నిలబడిపోయింది.

పెద్దమ్మ వచ్చింది, ఉత్త చేతులతో.

ఐసానెంకు కడుపు మండింది. "పైలట్‌నే వదల్లేదు నువ్వు! మేం తిరిగి రానక్కర్లేదా పెద్దమ్మా?"

"తందూరు రాజెయ్యలేదే."

"లారీ ఆగి ఉంది పెద్దమ్మా, ఏదో ఒక ముక్క కొరికించెయ్!" అని నుమాన్ విసుక్కున్నాడు.

"కొరక్కుండా ఈ సందు దాటడం ఎవరికి చెల్లిందిరా? మీ తాత మూట నెత్తిన పెట్టుకుని వచ్చినప్పుడు, బయటివాడని పొమ్మన్నామా?" అని డ్రైవర్ వైపు తిరిగింది. "నాయనా, సామాను మా ఇంట్లో దించు. వసారా పక్క గది ఖాళీయే."

నుమాన్ ఏదో అరవబోయాడు. సరిగ్గా నెత్తిమీద విమానం గర్జించింది. సందులో అందరికీ అలవాటే, నోళ్లు మూసుకున్నారు. మోత తగ్గేసరికి పరుపులు పెద్దమ్మ గుమ్మం దాటేశాయి.

ఐసానెం కళ్లు తుడుచుకుంది. "మరి రొట్టె ఎప్పుడు పెడతావు?"

"ఆకలేసినప్పుడు. మొత్తం తినాలి. ఒక్క ముక్క మిగిల్చావో, వీపు విమానం మోత మోగుతుంది!"