వందేళ్ల కొత్తవాడు జేబెజ్ ఫుల్లర్

జేబెజ్ ఫుల్లర్ థార్న్‌రాయిడ్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న ఇక్కడే పుట్టాడు, తాతా ఇక్కడే పుట్టాడు. ముగ్గురూ మా వీధి చివరి ఉన్ని మిల్లులోనే నడుములు వంచారు. అయినా ఎవరైనా "మీదే ఊరండీ?" అని అడిగితే చాలు, జేబెజ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, "సఫొక్ అండీ. మేమిక్కడికి కొత్త" అనేవాడు.

మా యార్క్‌షైర్ యాస ఎలా ఉంటుందో తెలియాలంటే అతని నోటే వినాలి. అంత చిక్కటి యాస మా మేనత్తలకి కూడా లేదు. తాను పరాయివాణ్ణన్న సంగతి ఆ యాసలోనే చెప్పేవాడు మహానుభావుడు.

ఈ పిచ్చికంతా మూలం అతని ఇంటిపేరు. పక్కింటిదాన్ని కావడం, పైగా నా ఇంటిపేరు వాకర్ కావడం నా ఖర్మ. వారానికోసారైనా గోడ మీంచి ఆ పురాణం వినాల్సి వచ్చేది.

"చూడు వాకరమ్మా, మగ్గం మీంచి దిగిన ఉన్ని గుడ్డ జల్లెడలా ఉంటుంది. దాన్ని తొట్టిలో వేసి, దగ్గరపడేదాకా కాళ్ళతో తొక్కాలి. ఆ తొక్కేవాణ్ణి మీ ఉత్తరాదిలో వాకర్ అన్నారు. మా తూర్పు వైపు ఫుల్లర్ అన్నారు. పని ఒకటే, పిలుపు వేరు. పిలుపుని బట్టి మనిషిది ఏ గడ్డో ఇట్టే చెప్పేయొచ్చు."

"తొట్టిలో ఏం పోసేవాళ్ళో అది కూడా చెప్పు."

"పులిసిన ఉచ్చ."

"అందులో తొక్కిన తాతని చూసుకుని ఇంత గొప్పేంటయ్యా?"

"మీ తాతా అందులోనే తొక్కాడమ్మా."

"తొక్కితే తొక్కాడు. మా ఊరి ఉచ్చలోనే తొక్కాడు. పరాయి ఊరు పోలేదు" అనేదాన్ని. నాకు మాత్రం పౌరుషం ఉండదా?

అతని ముత్తాత కాలానికి సఫొక్‌లో మగ్గాలు మూతపడ్డాయి, పొలాల్లో కూలి దొరకలేదు. తిండిలేని కుటుంబాలని కాలవ పడవలెక్కించి మా మిల్లులకి తోలారు. తాత ఇంకా పుట్టకముందే ముత్తాత పెళ్ళాంపిల్లలతో మా రేవులో దిగాడు. అది వందేళ్ల పైమాట. జేబెజ్‌కి మాత్రం ఆ పడవ నిన్న సాయంత్రం వచ్చినట్టే ఉండేది.

మా యార్క్‌షైర్ క్రికెట్ జట్టు పక్క జిల్లా లాంకషైర్‌ని ఓడించిన రోజున ఊరంతా వీధుల్లోకొచ్చి గెంతింది. జేబెజ్ గుమ్మంలో నిలబడి, మర్యాదగా రెండు చప్పట్లు కొట్టి, "మీవాళ్ళు బాగానే ఆడారు" అన్నాడు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఏడుస్తున్నావేంటయ్యా?"

"మీ ఊరి పొగ నాకు పడదమ్మా."

అతని భార్య హెప్సీ ఓర్పుగల మనిషి. "మా పెళ్ళయి ఇన్నేళ్ళయినా, కూరలో ఉప్పెక్కువైతే 'మీ ఊళ్ళో ఇంతే తింటారు కాబోలు' అంటాడే యానిస్" అని నాతో మొత్తుకునేది. ఒకసారి విసిగిపోయి, "అంత బెంగగా ఉంటే పోయి చూసి రావయ్యా మీ సఫొక్‌ని!" అని రొట్టె మూటకట్టి రైలెక్కించింది. ఆ సాయంత్రానికే మూటతో సహా తిరిగొచ్చాడు.

"ఏమైంది?"

"మీ జిల్లా చివర డాంకాస్టర్‌లో దిగి టీ తాగాను. కుడితిలా ఉంది. అక్కడికే అలా ఉంటే, ఇంకా ముందుకెళ్తే మనిషి బతికి బట్టకడతాడా?"

"మరి మీ ఊరు?"

"మా ఊరెక్కడికి పోతుందిలే."

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మా మిల్లుకి యుక్రెయిన్ మనుషులు కొందరు వచ్చారు. వాళ్ళలో ఓస్తాప్ స్టెల్మాఖ్, అతని భార్య హన్నా నా ఇంటికి రెండో పక్కన గది తీసుకున్నారు. పేరు వినగానే జేబెజ్ చెవులు రిక్కించాడు. "స్టెల్మాఖ్ అంటే ఏం పని?" మాట తెలియక ఓస్తాప్ బల్ల మీద ఒలికిన టీలో వేలు పెట్టి చక్రం గీశాడు, దాని మీద బండి గీశాడు. "బండ్లు చేసేవాళ్ళు!" అని జేబెజ్ ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాడు, తనకే మనవడు పుట్టినట్టు.

హన్నా మాత్రం గది దాటేది కాదు. ఒక కాందిశీకుల శిబిరం నుంచి ఇంకో శిబిరానికి వాళ్ళని తిప్పీ తిప్పీ ఇక్కడికి పంపారు. ఎక్కడ విత్తనం వేసినా, మొలక వచ్చేసరికి లారీ వచ్చేదట.

"కెనడా పోదామంటోంది" అన్నాడు ఓస్తాప్. "ఇక్కడ కొంచెం మట్టి దొరికితే ఉంటుందంట. లేకపోతే ఉండదంట. నాకు ఇంక నడిచే ఓపిక లేదండీ."

మా రైలు కట్ట పక్కన ఊరివాళ్ళు కూరగాయలు పండించుకునే మళ్ళున్నాయి. నా మడి పక్కది ఖాళీ అయింది. బయటివాళ్ళకి మడి ఇవ్వాలంటే, ఏటా చర్చి హాల్లో జరిగే మీటింగులో ఇద్దరు ఊరివాళ్ళు లేచి, "ఇతను మావాడు" అనాలి. అది మా తాతల నాటి కట్టుబాటు. మళ్ళ సంఘం కార్యదర్శి లిస్టర్ ఆ మడిని తన అల్లుడికి ఇప్పిద్దామని చూస్తున్నాడు.

ఆ రోజు ఓస్తాప్, హన్నా తలుపు పక్క బల్ల మీద కూర్చున్నారు. చలిగాలి కొట్టే బల్ల అది, ఊరివాళ్ళెవరూ కూర్చోరు. జేబెజ్ ఎప్పట్లాగే అక్కడే, వాళ్ళ పక్కన కూర్చున్నాడు.

"ఈ మనిషికి పూచీ ఎవరు?" అన్నాడు లిస్టర్.

నేను లేచాను. "మావాడే. నాకు బొగ్గు మోసిపెడతాడు. ఆ పని నీ అల్లుడు చేస్తాడా?"

హాలు నవ్వింది.

"ఒకరయ్యారు. రెండో మనిషి?"

నవ్వినవాళ్ళందరూ టీ కప్పుల్లోకి చూసుకోవడం మొదలెట్టారు. లిస్టర్‌తో అందరికీ ఏదో ఒక అవసరం ఉంది. హన్నా అప్పుడే శాలువా కప్పుకుంటోంది. ఆవిడకి మా మాటలు రావు గానీ, ఇలాంటి నిశ్శబ్దాలు చాలా చూసింది.

తలుపు దగ్గర బల్ల కిర్రుమంది. జేబెజ్ లేచాడు.

"నువ్వు కూర్చో జేబెజ్" అన్నాడు లిస్టర్. "ఇది ఊరివాళ్ళ పని. ఇన్నేళ్ళూ చెయ్యెత్తమన్నప్పుడల్లా 'పరాయివాణ్ణి, నాకెందుకు' అన్నావుగా! ఇంతకీ నీదే ఊరు? ఏదీ, అందరూ వినేలా చెప్పు."

జవాబు అందరికీ తెలిసిందే కనుక మళ్ళీ నవ్వులు. జేబెజ్ టోపీ తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పన్ను పీకించుకునేవాడి మొహం పెట్టాడు.

"థార్న్‌రాయిడ్."

"ఏంటీ?"

"చెవుడొచ్చిందా లిస్టరూ? థార్న్‌రాయిడ్ అన్నాను! మా నాన్నా, మా తాతా ఈ మట్టిలోనే ఉన్నారు. నేను ఈ ఊరివాణ్ణి. ఇతను మావాడు. రాసుకో!"

హెప్సీ చేతిలో కప్పు జారి పగిలింది. ఎవరూ అటు చూడలేదు.

మడి వాళ్ళకే వచ్చింది. ఇంటికి వస్తుంటే దారి పొడుగునా జేబెజ్ టోపీ చేతిలోనే పట్టుకుని నడిచాడు.

"ఒంట్లో బాగుందా?" అన్నాను.

"మా ముత్తాత విని ఉంటే ఏమనుకునేవాడో పాపం" అన్నాడు.

అతను లోపలికి వెళ్ళాక హెప్సీని గుమ్మంలో ఆపాను. "ఇంత ప్రాణం పీక్కునేంత ఏముందే అందులో?"

"వాళ్ళ ముత్తవ్వ పడవ దిగాక, ఆ చలికాలమంతా ఆవిడని పలకరించిన మనిషే లేదట యానిస్. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజే నాకా సంగతి చెప్పాడు."

హాల్లో తలుపు పక్కనున్న ఆ బల్ల మీద ఇన్నేళ్ళలో ఎవరెవరు కూర్చున్నారో ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. ఐర్లండ్ నుంచి వచ్చిన నర్సు. బాంబుల భయానికి లండన్ వదిలొచ్చిన దర్జీ, అతని తల్లి. చలిగాలిలో ఒంటరిగా ఎవరూ కూర్చోలేదు. "నేనూ కొత్తే" అనేవాడొకడు ప్రతిసారీ పక్కనే ఉన్నాడు. మేం ఊరివాళ్ళం. ఎంత మంచివాళ్ళమైనా ఆ మాట మా నోట రాదు.

వసంతం వచ్చేసరికి హన్నా మడిలో బీట్‌రూట్ మొలకలు లేచాయి. ఏ లారీ రాలేదు. ఆవిడకి మా భాషా కాస్త పట్టుబడింది. ఒక ఆదివారం నేను కలుపు తీస్తుండగా జేబెజ్ వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, లిస్టర్ ఎక్కడా లేడని తేల్చుకుని, టోపీ తీశాడు.

"అమ్మా, ఆ రోజు హాల్లో నేనన్న మాట మనసులో పెట్టుకోకండి. అసలు సంగతేంటంటే, మేమూ ఇక్కడికి కొత్తే."

హన్నా లేచింది. మట్టి చేతులు గౌనుకి తుడుచుకుని, అతని చెయ్యి పట్టుకుని, మాట మాట కూడబలుక్కుంటూ చెప్పింది.

"భయపడకండి. మెల్లగా అలవాటవుతుంది. ఏదన్నా కావాలంటే మమ్మల్ని అడగండి."

"సరేనమ్మా" అన్నాడు జేబెజ్, నిన్ననే ఊళ్ళో దిగినవాడంత వినయంగా.