మేక కడుపు

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల పక్కన ఇంకా ఒక తుమ్మచెట్టు ఉంది. ఆ ఆకు వాసన తగిలితే ఇప్పటికీ నా నోరు వగరెక్కుతుంది.

నా చిన్నతనంలో కరువొచ్చి ఇక్కడ గడ్డి మాడిపోయింది. మా మేకలు తుమ్మాకు తిని అరిగించుకున్నాయి. గొర్రెలు అది అరగక బక్కచిక్కిపోయాయి. మా నాయనమ్మ ఉన్న కాస్త అన్నం తమ్ముడికి పెట్టి, నాకు తవుడు కలిపిన గటక పోసేది.

"పోరనిది గొర్రె కడుపు, మెత్తటిదే పడ్తది. నీది మేక కడుపు, ఏదేసినా అరుగుతది" అనేది.

నేను నిజమే అనుకొని మురిసిపోయాను. ఒకనాడు ఆకలికి దోసెడు తుమ్మాకు నమిలి మింగి, పొద్దుగూకేదాకా కక్కుతూనే ఉన్నాను.

"దీనిది గూడ గొర్రె కడుపేనాయె. రేపు గొర్లతోని దీన్ని గూడ అంగట్ల అమ్ముకరా కొడకా" అన్నది నాయనమ్మ మా నాయనతో.

తెల్లవారి నేను పోయి గొర్రెల నడుమ నిలబడ్డాను.

"నిన్నెవడు కొంటడే? ఇంట్లకు నడువు" అని నాయన నన్ను కట్టెతో పక్కకు నెట్టి, మందను తోలుకుపోయాడు.

నేను గుక్కపట్టి ఏడ్చాను. అమ్మేస్తారని భయపడ్డానేమో అనుకొని అమ్మ దగ్గరికి తీసుకుంది. కొనేవాళ్ల ఊళ్లో కడుపునిండా మేత ఉందని నాయన చెప్పగా నేను విన్నాను మరి.