మూడు పిలుపులు

మద్రాసు లా కాలేజీలో సీటొచ్చింది. తిరుపతిలో సీటుతో పాటు స్కాలర్‌షిప్పూ వచ్చింది. మద్రాసులో చదివితే అక్కడే ఏదైనా కంపెనీలో మంచి జీతం దొరుకుతుందని మామ పట్టు. అంత ఖర్చు మనవల్ల కాదని నాయన. ఆ సాయంత్రంలోగా చేరకపోతే స్కాలర్‌షిప్పు ఇంకొకరికి పోతుంది. చిత్తూరులో తిరుపతి బస్సెక్కానే గానీ, మనసు తేలలేదు.

నా పక్కన ఒక పెద్దాయన తువ్వాలు గట్టిగా పట్టుకుని కునుకుతున్నాడు. బస్సు ఆగగానే కండక్టరు అరిచాడు.

"పూతలపట్టు! పూతలపట్టు! పూతలపట్టు!"

పెద్దాయన ఉలిక్కిపడి లేచి చేతులు జోడించాడు. "ఉండాను సామీ! ఈడనే ఉండాను!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన కూర్చున్నాక అడిగాను.

"ఈడ దిగాల్నా పెద్దాయనా?"

"లేదబ్బా. పొద్దన కోర్టులో బంట్రోతు నా పేరు మూడుతూర్లు పిలిచినాడంట. వకీలు రాలేదే అని నేను గేటుకాడ ఎతుకుతా ఉండాను. లోపలికి పోయేతలికి కేసు కొట్టేసినారు. ఉండే మడిచెక్కంతా ఆ కేసులోనే ఉండాది."

"వకీలు యాడికి పోయినాడు?"

"మద్రాసులో పెద్ద పని పడిందంట."

నా వైపు తిరిగి అడిగాడు. "నువ్వేం సదువుతాండావు నాయనా?"

చేతిలోని లా కాలేజీ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరుపతిలోనే చేరాను. స్కాలర్‌షిప్పు కోసమని అందరికీ చెప్పాను. ఇప్పటికీ చిత్తూరు కోర్టులో నా కక్షిదారు పేరు మొదటిసారి పిలవగానే, అతనికంటే ముందు నేనే లేచి "ఉండాను" అంటాను. కోర్టు హాలంతా నవ్వుతుంది.