మేస్త్రీ పెట్టిన పదకొండు టిక్కులు

వడ్రంగి మేస్త్రీకి తలుపులు బిగించడం, మొరాయించే కిటికీలను దారికి తేవడం ముప్పయ్యేళ్లుగా తెలుసు. ఒంట్లో బాగాలేదని చెప్పడం మాత్రం చేతకాదు. పరంజా మీద నుంచి జారిపడి, కుడి భుజం చితికి, వేళ్లు ముడుచుకోవడం మానేశాక కూడా ఎవరు పలకరించినా "భేషుగ్గా ఉన్నాను" అనేవాడు. అంత భేషైన మనిషి చేత భార్య పట్టుబట్టి వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెట్టించింది.

ఆవిడ చేసిన పొరపాటల్లా ఫారం ఆయన చేతికివ్వడమే. స్నానం మీరే చేయగలరా, చొక్కా మీరే తొడుక్కోగలరా, వంట చేసుకోగలరా అంటూ పదకొండు ప్రశ్నలు. మేస్త్రీ ఎడమచేత్తో పదకొండింటికీ "అవును" దగ్గర ఠీవిగా టిక్కు పెట్టాడు. నెల తిరక్కుండా దరఖాస్తు తిరస్కరించామని ఉత్తరం వచ్చింది.

"ఇవన్నీ అబద్ధాలు కదండీ," అంది భార్య, ఫారం నకలు ముందేసుకుని.

"ఏదీ, ఒక్కటి చూపించు. చొక్కా లేకుండా తిరుగుతున్నానా?"

ఆవిడ తల పట్టుకుని, అప్పీలు తనే రాసింది. విచారణ రోజు దాకా పొద్దున్నే టీ గ్లాసు ముందు పెట్టి, ఆయనకు నొప్పి చెప్పుకోవడం నేర్పింది.

"భుజం ఎలా ఉంది?"

"కొంచెం..."

"ఆ, కొంచెం?"

"కొంచెం మొండికేసింది."

అంతకుమించి రాబట్టడం ఆవిడ తరం కాలేదు.

విచారణ గదిలో పొడవాటి బల్ల వెనక జుట్టు నెరిసిన అధికారిణి కూర్చుని ఉంది. "ఎలా ఉన్నారు?" అంది ఫైలు తెరుస్తూ.

"భేషుగ్గా ఉన్నానమ్మా."

పక్క కుర్చీలో భార్య కళ్లు మూసుకుంది.

అధికారిణి తొందరపడలేదు. "చొక్కా మీరే తొడుక్కుంటారని రాశారు. ఎలా?"

మేస్త్రీ ముఖం విప్పారింది. ఆయన పనితనం గురించి ఎవరైనా అడిగి రెండేళ్లయింది.

"అందులో ఒక కిటుకుందమ్మా. చొక్కా తలుపు గడియకి తగిలిస్తాను. కింద గొంతుక్కూర్చుని, ఈ చచ్చు చేతిని ఎడమచేత్తో ఎత్తి దూరుస్తాను. మెల్లగా లేస్తే బట్ట దానంతటదే భుజం మీదకి వచ్చేస్తుంది. మొదట్లో గంట పట్టేది. ఇప్పుడు గుండీలతో సహా నలభై నిమిషాలు."

"వంట?"

"చెక్క పలకకి మేకు కొట్టుకున్నాను. బంగాళాదుంప దానికి గుచ్చి తరుగుతాను. గిన్నె దించడానికి మాత్రం ఈవిడ్ని పిలుస్తాను. దించడం వంట కింద రాదు కదమ్మా."

అధికారిణి పెన్ను ఆగలేదు. భార్య ఎక్కడ నవ్వొస్తుందోనని పెదవి కరుచుకుని కూర్చుంది. పదకొండు ప్రశ్నలకూ పదకొండు కిటుకులు ఉత్సాహంగా విప్పి చెప్పాడాయన.

చివరికి, "ఆ చేత్తో రంపం పట్టగలరా?" అని అడిగింది అధికారిణి.

మేస్త్రీ కాసేపు బల్ల అంచు కేసి చూశాడు. "లేదమ్మా," అన్నాడు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. పింఛను మంజూరైంది. భార్య సంబరంగా పైకి చదువుతూ, "దైనందిన పనులు సాధారణ పద్ధతిలో చేసుకోలేరని నిర్ధారించడమైనది" అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన మూతి ముడిచాడు.

"అంత వివరంగా చెబితే ఆవిడకి ఇదా అర్థమైంది?"

"పోనీ, దీని మీద కూడా అప్పీలు చేద్దామా?"

మేస్త్రీ నిజంగానే కాసేపు ఆలోచించాడు. తర్వాత ఉత్తరం అందుకుని, ఆ వాక్యాన్ని తనలో తాను మరోసారి చదువుకుని, మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఈసారికి వదిలేద్దాంలే," అన్నాడు.